చావు, ఒంటరితనం గురించే పాటలు రాస్తే కెరీర్ నిలబడుతుందా?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. పాట రాసేది, ట్యూన్ కట్టేది, గిటార్ పట్టుకుని పాడేది అన్నీ మీరే. పాటలన్నీ చావు, డిప్రెషన్, ఇంట్లో గొడవల చుట్టూ తిరుగుతాయి. సినిమాల జోలికి పోకుండా దీంతోనే బతకొచ్చా అన్నది మొదటిది. ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు మీ నాలుగు పాటలకీ పాటకి ఇంత అని ఇస్తామంటున్నారు, హక్కులన్నీ వాళ్ళకే రాసివ్వాలట, పైగా "కొంచెం లవ్ ఫెయిల్యూర్ టచ్ ఇవ్వండి" అంటున్నారట. ఒప్పుకోవాలా అన్నది రెండోది.

కెరీర్ ఉంటుంది. కానీ నెల తిరిగేసరికి చేతికొచ్చే డబ్బులా మారడానికి చాలా ఏళ్ళు పడుతుంది, కొందరికి ఎప్పటికీ మారదు. ఇలాంటి పాటలు వినేవాళ్ళు తక్కువ, కానీ దొరికినవాళ్ళు వదిలిపోరు. అందుకని లెక్క వేరేగా వేసుకోవాలి. ఖర్చు బాగా తగ్గించుకోండి, పాటల హక్కులు మీ దగ్గరే పెట్టుకోండి, తిండికి ఇంకో దారి ఉంచుకోండి. ఆ ఛానల్ వాళ్ళకి ఆ షరతుల మీద మాత్రం ఇవ్వొద్దు. ఎందుకో చివర్లో చెబుతాను.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియో నడుపుతున్నాను. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి, మేడ మీద రెండు గదులు. సినిమా పని అప్పుడప్పుడూ వస్తుంది, ఎక్కువగా సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళే వస్తారు. రికార్డింగ్, మిక్సింగ్‌తో పాటు రిలీజ్ పనులు, రాయల్టీ కాగితాలు కూడా నేనే చూసిపెడతాను. పాట బయటికి వెళ్ళాక దానికి ఏమవుతుందో రోజూ చూసే పని కాబట్టి ఈ సమాధానం కూడా ఎక్కువగా అటువైపే మొగ్గుతుంది.

"మన జనం బాధ వినరు" అని మీకు ఎవరు చెప్పారో గానీ, యూట్యూబ్‌లో తెలుగు జానపద పాటలు అని కొట్టి చూడండి. లవ్ ఫెయిల్యూర్ పాటలు వరసగా వస్తాయి, వాటి కింద వ్యూస్ చూస్తే కళ్ళు తిరుగుతాయి. పెళ్ళిపీటల మీద అమ్మాయి, చెట్టు కింద గడ్డం పెంచుకున్న అబ్బాయి, చివర్లో పురుగుమందు డబ్బానో రైలు పట్టాలో. ఇంతకన్నా చీకటి పాట ఏముంటుంది? జనం బాధని బాగానే వింటారు. ఆ బాధకి కారణం కనపడకపోతేనే ఇబ్బంది పడతారు. అమ్మాయి వదిలేసింది కాబట్టి ఏడుస్తున్నాడంటే అర్థం చేసుకుంటారు. ఉద్యోగం ఉంది, ఇల్లుంది, అయినా పొద్దున మంచం మీంచి లేవలేకపోతున్నాడంటే "వీడికేం రోగం" అంటారు. మీ పాటలు ఆ రెండో రకం. ఛానల్ వాళ్ళు అడిగే "టచ్" కూడా అదే, బాధకి ఒక అమ్మాయిని కారణంగా చూపించమంటున్నారు.

చావు కూడా మన పాటకి కొత్తేమీ కాదు. పల్లెటూళ్ళలో మనిషి పోయిన రాత్రి భజన బృందం వచ్చి కూర్చుని తెల్లవార్లూ తత్వాలు పాడటం చాలామంది చూసే ఉంటారు. దేహం తోలుతిత్తి అని, వెంట ఎవరూ రారని అంత నిర్మొహమాటంగా చెప్పే పాటలు ఏ ఇంగ్లీష్ రాక్ బ్యాండ్ దగ్గరా నేను వినలేదు. ఇక రాసి, బాణీ కట్టి, తానే పాడేవాళ్ళ సంగతికొస్తే గోరటి వెంకన్నని చూడండి. పల్లె కన్నీరు పెడుతోందని ఆయన పాడింది ఒక ఊరి చావు గురించే. కుమ్మరి, కమ్మరి, సాలె అంటూ ఒక్కో వృత్తి ఎలా ఆరిపోయిందో పేరుపేరునా చెబుతాడు. అది 'కుబుసం' సినిమాలోకి వెళ్ళింది, సభల్లోకి వెళ్ళింది, పెళ్ళి బ్యాండు వాళ్ళు వాయించడం కూడా నేను విన్నాను. 2021లో ఆయనకి 'వల్లంకి తాళం' పుస్తకానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. విషాదం రాసినందుకు ఆయన్ని ఎవరూ పక్కన పెట్టలేదు.

మా దగ్గరికి ఇంకో రకం పని వస్తుంది. ఇంట్లో పెద్దాయన పోతే దశదిన కర్మ నాటికి ఆయన మీద పాట రాయించి, పాడించి, ఫోటోలతో వీడియో చేయించుకుంటారు. ఒక కుటుంబం తెచ్చిన కాగితంలో ఆయన ఎలాంటివాడో ఒక్క ముక్క లేదు. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు, అందరి పేర్లూ వరసగా ఉన్నాయి. ఒక్క పేరు తప్పినా గొడవైపోతుందని హెచ్చరిక. చరణంలో అన్ని పేర్లు పట్టక పాట రాసే కుర్రాడు తల పట్టుకున్నాడు. ఆ కాగితం చివర పెద్దకూతురు పెన్నుతో ఒక వాక్యం రాసింది: "రేడియో పెట్టుకుని నిద్రపోయేవాడు, మేము ఆపేస్తే లేచేవాడు." అది పల్లవిలోకి వచ్చాక రెండు పేర్లు తగ్గినా ఎవరూ అడగలేదు.

మీరు పంపిన రెండు పాటల సాహిత్యం చదివాను. చీకటి, శూన్యం, మౌనం, కన్నీటి కడలి... ఈ మాటలు ఎన్నిసార్లు వచ్చాయో మీరే ఒకసారి చూసుకోండి. వీటిలో ఏదీ మీ ఇంటిది కాదు. రెండో పాటలో గొడవ అయ్యాక అమ్మ వంటింట్లో గిన్నెలు తోమిన శబ్దం ఒక్కసారి వస్తుంది చూశారా, అక్కడ నేను ఆగిపోయాను. మిగతా పాట అంతా అలా ఉంటే దానికి "డార్క్" అని పేరు పెట్టాల్సిన పనే ఉండదు.

ఇక బయటి దేశాల సంగతి. మీరు నిక్ డ్రేక్, ఎలియట్ స్మిత్ అనే విషాద గాయకుల పేర్లు రాశారు కాబట్టి వాళ్ళ దగ్గరికి వస్తాను. కానీ కెరీర్ ఎలా నడపాలి అన్నదానికి నేను చూపించే మనిషి ఇంకొకరు, ఫిల్ ఎల్వరమ్. మౌంట్ ఈరీ అన్న పేరుతో పాడతాడు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో అనకోర్టెస్ అనే చిన్న ఊరు ఆయనది. మొదట్లో ఒలింపియాలోని కే రికార్డ్స్ అనే చిన్న కంపెనీతో చేశాడు, తర్వాత సొంత లేబుల్ పెట్టుకున్నాడు. రికార్డింగ్ తనే, కవర్ డిజైన్ తనే, ఆర్డర్ వస్తే ప్యాక్ చేసి పంపేదీ ఆ ఊరి నుంచే.

2016 జూలైలో ఆయన భార్య, చిత్రకారిణి జెనెవీవ్ కాస్ట్రే క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి కూతురికి రెండేళ్ళు కూడా లేవు. ఆమె చనిపోయిన గదిలోనే కూర్చుని, ఎక్కువగా ఆమె వాయిద్యాలతోనే, ఆయన ఒక ఆల్బమ్ చేశాడు. 2017 మార్చిలో సొంత లేబుల్ మీద విడుదల చేశాడు. అందులో మొదటి పాటలో ఒక సంగతి ఉంది. ఆమె పోయిన వారానికి ఇంటికి ఒక పార్సిల్ వస్తుంది, ఆమె పేరు మీద. విప్పితే చిన్న స్కూలు బ్యాగు. పాప పెద్దదై బడికి వెళ్ళే రోజు కోసం చెప్పకుండా ఆర్డర్ పెట్టిందట. పాటలో ఆయన గొంతు ఎక్కడా పెరగదు, మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆ సంవత్సరం విమర్శకులు ఎక్కువగా మాట్లాడుకున్న ఆల్బమ్స్‌లో అదొకటి.

దీన్ని మీకు చెప్పడానికి కారణం ఉంది. ఆ ఆల్బమ్‌కి అయిన ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఒక లేబుల్ మేనేజర్ కూర్చుని "ఇంత బరువు ఎవరు వింటారు, ఒక హుషారు పాట పెట్టు" అనే అవకాశమే లేదు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆయన్ని వింటున్నవాళ్ళు ఉన్నారు, నేరుగా ఆయన దగ్గరే కొనే అలవాటున్నవాళ్ళు. ఇది ఒక్క రాత్రిలో వచ్చిన వైరల్ కాదు. ఇంకో వైపు కూడా చూడండి. ఆమెకి జబ్బు చేసినప్పుడు వైద్యానికి, ఇల్లు గడవడానికి ఆ కుటుంబం ఆన్‌లైన్‌లో విరాళాలు అడగాల్సి వచ్చింది. విమర్శకుల మెప్పు ఆస్పత్రి బిల్లు కట్టదు. మీ దగ్గరికి వచ్చే మొదటి డబ్బుతో మైక్ కాకుండా హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఈ మాట చెబితే కుర్రాళ్ళు నవ్వుతారు, నేను చెప్పడం మానను.

నిక్ డ్రేక్ కథలో అందరూ ఆయన ఒంటరితనాన్ని చెబుతారు, నేను కాగితాల సంగతి చెబుతాను. 1969, 1971, 1972లో మూడు ఆల్బమ్స్ వచ్చాయి, బతికుండగా ఏదీ సరిగా అమ్ముడుపోలేదు. కచేరీలంటే ఆయనకి పడదు. డిప్రెషన్‌తో బాధపడుతూ 1974లో 26 ఏళ్ళకే పోయాడు. నిర్మాత జో బాయ్డ్ తన కంపెనీని ఐలాండ్ రికార్డ్స్‌కి అమ్మేసేటప్పుడు నిక్ డ్రేక్ ఆల్బమ్స్‌ని ఎప్పటికీ మార్కెట్లోంచి తీసేయకూడదని షరతు పెట్టాడు. ఆ ఒక్క షరతు వల్ల ఆ పాటలు పాతికేళ్ళపాటు దుకాణాల్లో దొరుకుతూనే ఉన్నాయి, ఒకరి నుంచి ఒకరికి చేరాయి. 2000 ప్రాంతంలో వోక్స్‌వ్యాగన్ కారు ప్రకటనలో ఆయన పాట వచ్చాక అమ్మకాలు ఒక్కసారిగా లేచాయి. చీకటి పాటలకి టైమ్ పడుతుంది. ఆ టైమ్ వచ్చేవరకు పాట ఎక్కడో ఒకచోట దొరుకుతూ ఉండాలి.

ఇది మీకు నేరుగా వర్తిస్తుంది. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్‌లోకి పాట వెళ్ళాలంటే డిస్ట్రిబ్యూటర్, అంటే పాటని వాటిలోకి ఎక్కించే సర్వీసు, కావాలి. ఏటా ఫీజు కట్టే సర్వీసుల్లో, ఫీజు ఆపేస్తే పాట దిగిపోయే ప్లాన్లు ఉన్నాయి. మా దగ్గర చేసిన ఒకమ్మాయి పాటలు అలాగే మాయమయ్యాయి, కార్డు ఎక్స్‌పైర్ అయింది, ఆ అమ్మాయికి నెలల తరబడి తెలియలేదు. ఒకసారి డబ్బు కడితే శాశ్వతంగా ఉంచే ప్లాన్ అయినా తీసుకోండి, లేదా వచ్చిన డబ్బులో వాటా తీసుకునే డిస్ట్రిబ్యూటర్‌ని చూడండి. స్ట్రీమింగ్ ఆదాయం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 2024 నుంచి స్పాటిఫైలో గత 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకి రికార్డింగ్ రాయల్టీ అసలు లెక్కలోకే రాదు. బ్యాండ్‌క్యాంప్‌లో (పాటలు నేరుగా వినేవాళ్ళకి అమ్ముకునే సైట్) అమ్మితే డిజిటల్ మీద మామూలుగా 15 శాతం వాళ్ళు తీసుకుంటారు, మిగతాది పేమెంట్ ఖర్చులు పోను మీది. మీ పాటని ప్రాణంగా వినే వందమంది దొరికితే అక్కడొచ్చే డబ్బే నయం. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు కొనేది ఎక్కువగా అక్కడే అని నా అనుభవం.

ఎలియట్ స్మిత్ గురించి ఎక్కువ చెప్పను. పోర్ట్‌లాండ్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నాలుగు ట్రాకుల మెషీన్ మీద గుసగుసగా పాడి మొదలుపెట్టాడు, ఒక సినిమా పాటతో ఆస్కార్ నామినేషన్ వచ్చింది, 1998లో తెల్ల సూటు వేసుకుని ఆ వేదిక మీద పాడాడు. ఆ రాత్రి 'టైటానిక్' పాట గెలిచింది. తర్వాత పెద్ద లేబుల్, పెద్ద హాళ్ళు, 2003లో 34 ఏళ్ళకి మరణం. సినిమా పిలిస్తే వెళ్ళొద్దని నేను అనను. మన దగ్గర చౌరస్తా బ్యాండ్ నుంచి రామ్ మిరియాల సినిమాల్లోకి వెళ్ళి బాగానే చేస్తున్నాడు. కాకపోతే సినిమాలో మీరు దర్శకుడి బాధ రాయాలి, మీ బాధ కాదు. దాన్ని జీతం పనిగా చూడగలిగితే హాయిగా చేయండి.

నిక్ డ్రేక్, ఎలియట్ స్మిత్ కథలు చదివి చాలామంది ఒక నిర్ణయానికి వస్తారు, బాధపడితేనే పాట వస్తుందని. మందులు వాడితే రాయలేనేమో అని ఒక కుర్రాడు నన్నే అడిగాడు. ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్‌ని చూడమన్నాను. 1957లో పుట్టిన మనిషి, హత్యల మీద ఆల్బమ్ చేశాడు, 2015లో పదిహేనేళ్ళ కొడుకుని పోగొట్టుకున్నాడు, ఇంకా రాస్తున్నాడు. ఆఫీసుకి వెళ్ళినట్టు వెళ్ళి కూర్చుని రాస్తానని ఆయనే చెబుతాడు. 2013 నుంచి ఆల్బమ్స్ సొంత లేబుల్ మీదే. ఆ కుర్రాడు ఇప్పుడు మందులు వాడుతూనే రాస్తున్నాడు, పాటలు ముందుకన్నా పొట్టిగా, మెరుగ్గా ఉన్నాయి. డాక్టర్ ఇచ్చినవి డాక్టర్‌ని అడగకుండా ఆపకండి, అంతకు మించి నాకు చెప్పే అర్హత లేదు.

ఇలాంటి పాటలు పెడితే రాత్రి రెండింటికి మెసేజ్‌లు వస్తాయి. "మీ పాట విన్నాను, నాకూ బతకాలని లేదు" అని. ఇది తప్పకుండా జరుగుతుంది, సిద్ధంగా ఉండండి. మీరు కౌన్సెలర్ కాదు. చూసిన వెంటనే రెండు మాటలు రాయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఆ నంబర్ వీడియో డిస్క్రిప్షన్‌లో కూడా పెట్టండి. ఇంకో సంగతి, ఆత్మహత్య అన్న మాట టైటిల్లోనో థంబ్‌నెయిల్లోనో పెడితే యూట్యూబ్‌లో ఎల్లో డాలర్ పడొచ్చు, అంటే ప్రకటనలు తగ్గిపోతాయి. ఎలా చచ్చిపోయాడో వివరంగా చూపించే విజువల్స్ అసలు వద్దు. అది రూల్స్ కోసం కాదు, చూసేవాళ్ళ కోసం.

లైవ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. బ్రూవరీల్లో, పబ్బుల్లో మీ పాటలు పాడకండి. అక్కడ కవర్స్, అంటే అందరికీ తెలిసిన వేరేవాళ్ళ పాటలు, అడుగుతారు, మీ రెండో చరణంలో ఎవరిదో బర్త్‌డే కేక్ వస్తుంది. డబ్బు కావాలంటే అక్కడ కవర్సే పాడండి, తప్పేం లేదు. సొంత పాటలకి కూర్చుని వినే చోటు కావాలి. హైదరాబాద్‌లో బంజారా హిల్స్‌లోని లామకాన్ అలాంటిది, లేదా స్నేహితుల ఇంట్లో ముప్ఫై మంది. ఆరేడు పాటలు చాలు.

ఇప్పుడు మీ అగ్రిమెంట్. పాట వేరు, రికార్డింగ్ వేరు, హక్కులు రెండిటికీ విడివిడిగా ఉంటాయి. టౌన్స్ వాన్ జాంట్ అని ఒక విషాద గాయకుడు 1972లో పాడిన పాటని విల్లీ నెల్సన్, మెర్ల్ హ్యాగర్డ్ 1983లో పాడితే అమెరికా కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. రికార్డింగ్ వాళ్ళది, పాట ఆయనది. అందుకే పాట హక్కు మీ చేతిలోంచి జారకూడదు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ మీకు అండగా ఉంది. సినిమాలో భాగం కాని రికార్డింగ్ అయినా సరే, రాసినవాళ్ళు, స్వరపరిచినవాళ్ళు తమ రాయల్టీ వాటా వదులుకుంటున్నామని సంతకం పెట్టినా చెల్లదు. హక్కులు కొన్నవాళ్ళతో సమానంగా వాటా ఉంటుంది. వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఆ వాటా ఎవరికీ రాసివ్వడం కుదరదు. ఐపీఆర్‌ఎస్ అనే కాపీరైట్ సొసైటీలో రచయితగా, స్వరకర్తగా రెండు హోదాల్లోనూ చేరండి, ఆ డబ్బు వసూలు చేసేది వాళ్ళే. ఇంకోటి, అగ్రిమెంట్‌లో కాలం రాయకపోతే 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం చెబుతుంది. అందుకే ఛానల్ వాళ్ళు "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అని తప్పకుండా రాయిస్తారు. మీ కాగితంలోనూ అదే ఉంది.

వాళ్ళకి ఇలా చెప్పి చూడండి: పాట హక్కులు నావే, మీరు తీసే వీడియో మీదే, దానికి 3 ఏళ్ళ లైసెన్స్ ఇస్తాను, ఆడియో నేను ఎక్కడైనా విడుదల చేసుకుంటాను, సాహిత్యం మార్చను. చాలా ఛానళ్ళు మొదట కుదరదంటాయి, కొన్ని దిగివస్తాయి. దిగిరాకపోతే, నిజంగా డబ్బు అవసరం ఉంటే, వాళ్ళు అడిగిన లవ్ ఫెయిల్యూర్ పాట ఒకటి విడిగా కొత్తగా రాసి ఇవ్వండి, డబ్బు తీసుకోండి. ఈ నాలుగింటినీ ముట్టుకోనివ్వద్దు. ముఖ్యంగా గిన్నెల శబ్దం ఉన్న పాటని. దాని సాహిత్యం సరిచేశాక రాత్రి బోరు మోటార్లు ఆగే టైమ్‌కి ఫ్యాన్ ఆపేసి, తలుపుకి దుప్పటి కట్టి, ఫోన్లో రికార్డ్ చేసినా సరే, పంపండి. వింటాను.